అంకెల చాటున ఆటగాడు

వేసవి సెలవులు వచ్చినంతనే చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలోని మన ఇండ్లయందు ఒక క్రొత్త దృశ్యము కానవచ్చుచున్నది. పిల్లవాడు చేత ఫోనుగాని, ఎదుట కంప్యూటరుగాని యుంచుకొని గంటల తరబడి చూచుచుండును. ఏమి చూచుచున్నావని యడిగినచో, ఫుట్‌బాల్ ఆట యని బదులు చెప్పును. తల్లి వచ్చి తొంగిచూచును. అందు బంతి లేదు, పఱుగు లేదు. పేర్ల పట్టికయు, ప్రతి పేరున కెదురుగా వరుసగా అంకెలును మాత్రమే యున్నవి. "ఇదేమి ఆటరా, శానుభోగుల లెక్కపుస్తకమువలె నున్నది!" అని యామె ఆశ్చర్యపడును.

మేమును మొదట అట్లే తలచితిమి. కాలమును వ్యర్థముచేయు వినోదములలో నిదియు నొకటియని కొంత కినుకయు వహించితిమి. కాని చూడక నిందించుట ఉపాధ్యాయులకు తగదు. కావున మా విద్యార్థులలో నొకనిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఆటను మొదటినుండి చెప్పుమని యడిగితిమి. వాడు చెప్పినదానివలన మాకు తెలిసినదేమనగా, ఈ యాటయందు గెలుపోటములు బంతిని తన్నుటపై నాధారపడవు. తన ఆటగాండ్రను తానెంతవఱకు ఎఱిగియున్నాడను దానిపై నాధారపడును. ఈ పాఠము పిల్లలకన్న పెద్దలకే యెక్కువ యవసరమని తోచినందున దీనిని తల్లిదండ్రుల ముందుంచుచున్నాము.

ఈ ఆట యెట్టిది?

సాధారణమైన ఫుట్‌బాల్ వీడియో గేములో ఆడువాడు మీటలు నొక్కి తెరపైని బొమ్మను పఱుగెత్తించును. ఇందట్లు కాదు. ఇందు ఆడువాడు జట్టునకు మేనేజరు. ఎవరిని ఆడింపవలెను, ఎవరిని ఎక్కడ నిలుపవలెను, ఎవరికెట్టి అభ్యాసము నీయవలెను, ఎవరిని క్రొత్తగా తెచ్చుకొనవలెను, జీతములకెంత వెచ్చింపవలెను అనునవి యాతని పనులు. పోటీ మొదలైన పిమ్మట మైదానపు అంచున నిలిచి చూచుటయు, అవసరమైనచో మార్పులు చేయుటయు తప్ప తాను బంతిని ముట్టుట లేదు. మన గ్రామములలో చెడుగుడు జట్టును కూర్చెడి పెద్దవంటివాడని చెప్పవచ్చును.

ఇట్టి యాటలు నిన్న నేడు పుట్టినవి కావు. 1982లో కెవిన్ టామ్స్ అను ఆంగ్లేయుడు ఇంటి కంప్యూటర్లకై "ఫుట్‌బాల్ మేనేజర్" అను పేర నొకదానిని వెలువరించెను. పిదప పాల్ కాలియర్, ఆలివర్ కాలియర్ అను అన్నదమ్ములు వ్రాసిన "ఛాంపియన్‌షిప్ మేనేజర్" 1992లో వెలువడినది. ఆ సోదరులు స్థాపించిన స్పోర్ట్స్ ఇంటరాక్టివ్ సంస్థ 2004 నుండి సేగా సంస్థ ప్రచురణగా "ఫుట్‌బాల్ మేనేజర్" అను పేర తన యాటను నడుపుచున్నది. ఫోనులో ఆడుటకు దీనికి చిన్న రూపమును గలదు. ఇందలి జట్లును, ఆటగాండ్రును చాలవఱకు లోకములో నిజముగ నున్నవారే. వారి గుణములను అంకెలలోనికి మార్చుటకు నానాదేశములయందు ఆటలను చూచి వ్రాసి పంపువారు కలరు.

ఇక ఈ యాటలో తన ఆటగాండ్రను ఎఱుగుట యెట్లో అయిదు మెట్లుగా వివరింతుము.

మొదటి మెట్టు: పుటను చదువుట

ప్రతి ఆటగానికిని ఒక పుట యుండును. అందు అతని గుణములు 1 మొదలు 20 వఱకు గల అంకెలతో చూపబడును. ఇవి మూడు తరగతులు. బంతిని అదుపుచేయుట, తోడివానికందించుట, గోలు చేయుట మున్నగునవి నైపుణ్యములు. నిర్ణయశక్తి, ధైర్యము, ఏకాగ్రత, జట్టుకొఱకు శ్రమించుట మున్నగునవి మనోగుణములు. వేగము, బలము, దమ్ము, ఎగురుట మున్నగునవి దేహగుణములు. గోల్‌కీపరునకు మాత్రము వేఱుగా నొక పట్టిక కలదు.

క్రొత్తగా ఆడు పిల్లవాడు చేయు మొదటి పొరపాటు ఈ యంకెలనన్నిటిని కూడి, సగటు తీసి, ఎక్కువ వచ్చినవాడే గొప్పవాడనుకొనుట. రక్షణపంక్తి నడుమ నిలుచువానికి గోలు చేయు నేర్పు 5 మాత్రమే యుండవచ్చును. దానివలన నష్టము లేదు. వానికి కావలసినవి ఎదిరిని అడ్డుకొనుట, తలతో బంతిని త్రిప్పికొట్టుట, తానుండవలసిన చోట ముందుగనే యుండుట. ఈ మూడును 16 గలవాడు, అన్ని గుణములును 12 గలవానికంటె సగటున తక్కువ రావచ్చును. అయినను గోలును రక్షించువాడు మొదటివాడే. కావున మొదట "ఇతడు చేయవలసిన పని యేది?" అని యడిగి, ఆ పనికి వలయు గుణములను మాత్రమే చూడవలెను.

రెండవ పొరపాటు అంకెకు తనంతట విలువ కలదనుకొనుట. 12 ఎక్కువయా తక్కువయా యని యడిగిన, అది జట్టు ఆడు లీగునుబట్టి యుండును. చిన్న లీగులో 12 గలవాడు అందఱికంటె మేటి కావచ్చును. పెద్ద లీగులో వాడే సామాన్యుడు.

తల్లిదండ్రులారా, పిల్లవాడు మార్కుల పట్టికను ఇంటికి తెచ్చినపుడు మనము మొదట చూచునదేది? అడుగున నున్న మొత్తము, దాని ప్రక్కనున్న శాతము. ఆ పైనున్న వరుసలను ఎందఱము నిదానముగ చదువుచున్నాము? అన్నింట అఱువది వచ్చిన పిల్లయు, చిత్రలేఖనమున తొంబదియైదు వచ్చి లెక్కలలో ముప్పదియైదు వచ్చిన పిల్లయు ఒకే శాతమువారు కావచ్చును. ఒకే విధముగ పెంచదగినవారు మాత్రము కారు.

రెండవ మెట్టు: కానరాని గుణములు

పుటలో కనబడునవి కాక, మేనేజరునకు ఎన్నడును అంకెలలో చూపబడని గుణములు మఱికొన్ని ఈ యాటయందు కలవు. ప్రతి పోటీలోను ఒకే తీరున ఆడు నిలుకడ, పెద్ద పోటీలలో చెదరకుండుట, తఱచు గాయపడు స్వభావము, క్రొత్త ప్రదేశమునకు అలవాటుపడు శక్తి, ఒత్తిడిని తాళుట, వృత్తినిష్ఠ, జట్టుపట్ల విశ్వాసము మున్నగునవి యట్టివి. వీనిని గూర్చి పుటపై నొకటి రెండు మాటలలో సూచన యుండును. సహాయకుని నివేదికలో మఱికొంత యుండును. మిగిలినదానిని ఏడాది పొడవున ఆటగానిని చూచి తెలిసికొనవలసినదే.

ఇద్దఱు పదునేడేండ్ల బాలురు ఒకే అంకెలతో జట్టులో చేరుదురనుకొందము. ఒకనికి వృత్తినిష్ఠ మెండు, రెండవవానికి కొఱత. నాలుగేండ్లు గడచునప్పటికి మొదటివాడు అభ్యాసము నంతయు ఒంటబట్టించుకొని ముందుకు పోవును. రెండవవాడు ఉన్నచోటనే యుండును. చేరిననాడు వారి పుటలు చూచిన మేనేజరు ఈ భేదమును కనుగొనజాలడు.

మన జిల్లావారికి ఈ విషయము క్రొత్త కాదు. శిడ్లఘట్ట పట్టుగూళ్ళ మార్కెట్టునకు పోయి చూడుడు. కొనువాడు రాశిని దూరమునుండి చూచి ధర పలుకడు. చేయి లోపలికి పోనిచ్చి, అడుగునుండి పిడికెడు గూళ్ళను పైకి తీయును. వ్రేళ్ళతో నొక్కి గట్టిదనమును చూచును. చెవియొద్ద ఆడించి, లోపలి పురుగు కదలు చప్పుడును వినును. ఇంత చేసినను, గూడు వేడినీట పడినపిదప దారము తెగక వచ్చునో, నడుమ నడుమ తెగునో రీలరు ఇంటికి పోయి చూచుకొనువఱకు తేలదు. రంగును తూకమును పుటలోని అంకెలవంటివి. తెగని దారము నిలుకడవంటిది. గూళ్ళను కొనుటలో ఇంత జాగ్రత్త వహించెడి మనము పిల్లలను గూర్చి మాత్రము రాశిని దూరమునుండి చూచియే ధర పలుకుచుందుము.

మూడవ మెట్టు: అంకె యెవరిది?

తన జట్టులో లేని ఆటగానిని మేనేజరు మొదటిసారి చూచినపుడు పుట పూర్తిగ కనబడదు. కొన్ని గుణములకెదురుగ ఖాళీ యుండును; కొన్నింటి కెదురుగ "9 నుండి 14 వఱకు" అన్నట్లు విరివిగా నుండును. ఆటగానిని పరిశీలించుటకు స్కౌటు అనబడు నొక మనిషిని పంపవలెను. ఆతడు పలుమార్లు చూచినకొలది ఆ యంతరము తగ్గి, తుదకొక అంకె నిలుచును.

ఇందు గమనింపదగినది మఱియొకటి కలదు. ఈ యాటలో స్కౌటునకును గుణములు గలవు. ఆటగాని నేటి శక్తిని అంచనా కట్టు నేర్పు, రేపటి శక్తిని ఊహించు నేర్పు ఒక్కొక్క స్కౌటునకు ఒక్కొక్క పాళ్ళలో నుండును. నేర్పు తక్కువైనవాడు మంచివానిని చాలడనియు, చాలనివానిని మంచివాడనియు చెప్పి పంపును. అభిప్రాయమును నక్షత్రములతో చూపుదురు. ఆ నక్షత్రములును మన జట్టులోని తక్కిన ఆటగాండ్రతో పోల్చి వేసినవే. అదే మనిషి బలహీనమైన జట్టులో నాలుగు నక్షత్రములవాడు, బలమైన జట్టులో రెండు నక్షత్రములవాడు. అందుచే తెలివిగల మేనేజరు ఒక్కని మాట నమ్మక మఱియొకని పంపును. తానును కన్నులార చూచును.

ఒక పరీక్ష యనగా నొక స్కౌటు ఒక మధ్యాహ్నము చూచి వ్రాసిన నివేదిక. ఉపాధ్యాయులమైన మాకు ఇది వినుటకు ఇంపుగ నుండదు, అయినను నిజము. మేము వేయు మార్కులో పిల్లవాని శక్తి కొంత, మా చూపు కొంత కలిసియుండును. మా చూపు తప్పిన సందర్భమొకటి ముందు చెప్పెదము.

నాలుగవ మెట్టు: తగిన తావు

ఆటగాని పుటలో మైదానపు చిన్న పటమొకటి యుండును. అందు వానికి సహజమైన తావు ఏదో, తగుమాత్రముగ ఆడగల తావు ఏదో, అలవాటులేని తావు ఏదో చూపబడియుండును. ఏ కాలు వాటమో, రెండవ కాలు ఎంత బలమో అదియు వ్రాసియుండును. అలవాటులేని తావును నేర్పవచ్చును. కాని నెలల తరబడి అభ్యాసము కావలెను.

ఇది వినినంతనే మాకు గుర్తునకు వచ్చినవాడు హైదరాబాదు వాస్తవ్యుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్. కంప్యూటరు ఆటలు పుట్టుటకు మునుపే, కాగితముపై అంకెలు లేకయే, తన ఆటగాండ్రను ఎఱిగిన మేనేజరు ఆతడు. 1909లో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, కాచిగూడ, చాదర్‌ఘాట్ మున్నగు పాఠశాలలలో ఉపాధ్యాయుడుగ పనిచేసెను. అందఱును ఆతనిని రహీమ్ సాహెబ్ అని పిలుచుచుండిరి. 1950 నుండి హైదరాబాదు నగర పోలీసు జట్టునకు కోచ్‌గ నుండెను. ఆ జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పును గెలిచినది. ఆతని శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణపతకమును పొందెను. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సులో సెమీఫైనలునకు చేరి నాలుగవ స్థానమున నిలిచెను. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనలునకు చేరిన మొదటి ఆసియా జట్టు అదియే. 2024లో వెలువడిన "మైదాన్" అను హిందీ చలనచిత్రము ఆతని కథయే.

రహీమ్ ఉపాధ్యాయుడగుటచే కొఱతను చూచి కసరుకొనక, కొఱతను తీర్చు ఉపాయమును వెదకుచుండెను. కుఱ్ఱవాండ్రు వాటమైన కాలితోనే ఆడుచుండుటను గమనించి, వాటముకాని కాలితో మాత్రమే బంతిని కొట్టవలెనను నియమముతో పందెములు పెట్టెను. బంతిని తానే యుంచుకొని మెలికలు త్రిప్పు అలవాటును మాన్పుటకు, అట్లు త్రిప్పకూడదను నియమముతో మఱికొన్ని పందెములు పెట్టెను. సికింద్రాబాదు చెంత అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం అను పేద కుఱ్ఱవాడు నగరమునకు రోజును వచ్చుటకు వ్యయము భరింపజాలకపోగా, సైకిలు అద్దెకు డబ్బిచ్చి రప్పించెనని చెప్పుదురు. ఆ కుఱ్ఱవాడు "రాడు" అని వ్రాసికొనక, "ఏల రాడు?" అని యడిగినందున దేశమున కొక గొప్ప ఆటగాడు దక్కెను.

రహీమ్ ఎఱుక యంతయు బయటపడిన సందర్భము 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలు. భారత జట్టు మొదటి పోటీలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0 తో ఓడినది. తరువాత థాయిలాండును, జపానును గెలిచినది. కాని థాయిలాండుతో ఆడునపుడు రక్షణపంక్తికి ప్రాణమైన జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడినవి. అట్టివానిని మరల రక్షణయందు నిలుపుట ప్రమాదము. కూర్చుండబెట్టుట జట్టునకు నష్టము. జర్నైల్ కళాశాలలో చదువునాడు ముందువరుసలో ఆడియుండెనని రహీమ్ ఎఱుగును. సెమీఫైనలులో ఆతనిని సెంటర్ ఫార్వర్డుగ నిలిపెను. దక్షిణ వియత్నాముపై భారతము 3-2 తో గెలిచెను. అందొక గోలు జర్నైల్‌ది.

సెప్టెంబరు 4వ తేదీన జరిగిన ఫైనలులో ఎదిరి మరల దక్షిణ కొరియాయే. సెమీఫైనలులో గోలును కాపాడినవాడు ప్రద్యోత్ బర్మన్. ఫైనలునకు రహీమ్, అస్వస్థతనుండి తేరుకొన్న పొడగరి పీటర్ తంగరాజ్‌ను నిలిపెను. హైదరాబాదులో జన్మించిన ఈ తంగరాజ్ సైనిక జట్టులో మొదట సెంటర్ ఫార్వర్డుగ ఆడి, పిదప గోల్‌కీపరుగ మారి, ఆసియాలోనే మేటి యనిపించుకొన్నవాడు. ప్రేక్షకులలో పెక్కుమంది భారత జట్టునకు వ్యతిరేకముగ అఱచుచుండిరి. అయినను మొదటి ఇరువది నిమిషములలోనే పి.కె. బెనర్జీ యొక గోలును, తలకు కట్టు గల జర్నైల్ సింగ్ మఱియొక గోలును చేసిరి. కొరియా తుదిలో ఒకటి మాత్రమే చేయగలిగెను. 2-1 తో భారతము స్వర్ణపతకమును గెలిచెను. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతమునకు ఆ పిదప ఇప్పటివఱకు స్వర్ణము రాలేదు. అప్పటికే వ్యాధిగ్రస్తుడైన రహీమ్ 1963 జూన్ 11వ తేదీన కేన్సరుతో మరణించెను.

జర్నైల్ సింగ్ పుట యొకటి వ్రాసినచో అందు "రక్షణ" యనియే యుండును. ముందువరుస యను మాట ఆతని గతమునందుండెను. దానిని ఎఱిగినవాడే ఆపదలో దానిని వాడుకొనగలిగెను. పిల్లలయందును ఇట్టి మఱుగుపడిన తావులు కలవు. మూడేండ్లక్రిందట మన పిల్ల దేనియందు ఆసక్తి చూపెనో, ఏది మానివేసెనో, ఏల మానివేసెనో మనము గుర్తుంచుకొన్నామా?

ఐదవ మెట్టు: భాషయు తోడును

ఈ యాటలో మమ్ము మిక్కిలి ఆశ్చర్యపఱచిన సంగతి యిది. ప్రతి ఆటగానికి ఏయే భాషలు వచ్చునో అందు వ్రాసియుండును. పరదేశమునుండి వచ్చినవానికి ఆ దేశపు భాష రానిచో, వాడు జట్టులో కుదురుకొనుటకు కాలము పట్టును. ఎంతటి మేటియైనను మొదట తన శక్తికి తగినట్లు ఆడలేకపోవచ్చును. వాని అంకెలు తగ్గలేదు; వానికి తోడు లేదు. తెలివిగల మేనేజరు వానిని అమ్మివేయడు. భాష నేర్పుటకు ఏర్పాటుచేయును. వాని భాష వచ్చిన తోడి ఆటగాడు జట్టులో నుండునట్లు చూచును. అనుభవముగల పెద్దవాని జతలో నుంచును. కొన్ని నెలలలో వాడు తిరిగి లేచును.

ఇక మా తప్పును ఒప్పుకొందుము. మాకు ఈ యాటను నేర్పిన బాలుడు సరిహద్దు పల్లెనుండి వచ్చినవాడు. ఇంట తెలుగే. తరగతిలో నోరు విప్పడు. లెక్కలలో వానికి ఎప్పుడును మార్కులు తక్కువయే. మందమతి యని మేమొక నిశ్చయమునకు వచ్చియుంటిమి. అట్టివాడు మా ఎదుట కూర్చుండి, పదునెనిమిదిమంది ఆటగాండ్ర వారపు జీతములను నోటిలెక్కగా కూడి, వ్యయపు హద్దులో ఎంత మిగులునో తడుముకొనక చెప్పెను. మేము నివ్వెఱపోతిమి.

మఱునాడు వాని లెక్కల కాగితమును తీసి చూచితిమి. కూడికలు, గుణకారములు అన్నియు ఒప్పే. తప్పినవన్నియు మాటలలో నిచ్చిన లెక్కలు. వానిలో నొకదానియందు "మూరు పట్టు" అని కన్నడమున నున్నది. మన తెలుగులో "మూడు రెట్లు" అని యర్థము. ఇంట పట్టుపురుగులను పెంచెడి ఆ బిడ్డకు పట్టు అనగా పట్టే. ముగ్గురి పట్టో, మూడు రకముల పట్టో తెలియక, ఉన్న అంకెలను కూడి ఊరకుండెను. అదే లెక్కను తెలుగున చదివి వినిపింపగా, చదువుట ముగియకమునుపే ఉత్తరము చెప్పెను. రెండేండ్లు మేము మందమతి యని వ్రాసికొన్నది వాని బుద్ధిని గూర్చి కాదు. ఒక్క మాటను గూర్చి. మేము వాని స్కౌటులము. మా చూపే పొరపడినది.

తల్లిదండ్రులు దీనిని కన్నడముపై నిందగ తలపరాదు. కన్నడము మన రాష్ట్రభాష, మన వీథిభాష, మన పిల్లల అన్నపుభాష. దానిని చక్కగ నేర్వవలసినదే. ముద్దేనహళ్ళిలో తెలుగు ఇంటి భాషగాగల కుటుంబమున పుట్టి, చిక్కబళ్ళాపురపు బడిలో చదువుకొన్న మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు మైసూరు రాజ్యమునకు దివానైరి. రెండు భాషలును పిల్లవానికి రెండు కాళ్ళు. రహీమ్ చేసినట్లు వాటముకాని కాలికి అభ్యాసమీయవలెను; అంతేకాని వాటమైన కాలిని కట్టివేయరాదు. ప్రాథమిక దశయందు భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పింప ప్రయత్నింపవలెనని 1956లో రాజ్యాంగమున చేర్చబడిన 350-ఎ అనుచ్ఛేదము చెప్పుచున్నది. అది యేదో దయాధర్మము కాదు. పిల్లవాడు తనకు తెలిసినదానిని తెలిసినట్లు చూపుటకు వలయు కనీసపు తోడు.

ఆట తప్పిపోవు చోటు

ఇంతవఱకు ఆటనుండి నేర్చుకొంటిమి. ఇక దానిని వెంబడింపరాని చోటును చెప్పవలెను.

ఈ యాటలో ప్రతి ఆటగానికి మఱుగున రెండు అంకెలు కలవు. ఒకటి నేటి శక్తి. రెండవది వాడెన్నటికైనను చేరగల పైమితి. ఇవి 200 వఱకు లెక్కింపబడును. ఆ పైమితి ఆట మొదలైననాడే నిశ్చయమైపోవును. మేనేజరు ఎంత ప్రేమించినను, ఎంత నేర్పినను, ఆటగాడు దానిని దాటజాలడు. చాలనివానిని అమ్మివేయవచ్చును, నచ్చనిచో ఆటనే మరల మొదటినుండి ప్రారంభింపవచ్చును.

మన బిడ్డకు అట్టి పైమితి యెవరును వ్రాసిపెట్టలేదు. "వీనికింతే" అను మాట పలికిన క్షణమున మనమే ఆ అంకెను వ్రాయుచున్నాము. మఱియు బిడ్డను మార్చుకొనుటగాని, గడచిన సంవత్సరమును మరల మొదలిడుటగాని మన చేత లేదు. మేము ఆ బాలుని విషయమున పోగొట్టిన రెండేండ్లను ఏ మీట నొక్కియు వెనుకకు తేజాలము. కనుకనే ఎఱుగుటయందు ఆలస్యము తగదు.

ఆటకు కాలనియమమును అవసరము. జట్టును కూర్చుటలో మునిగినవానికి ప్రొద్దు తెలియదు. దినమునకింత యని ముందుగ చెప్పి, నిజమైన మైదానమునకును కొంతసేపు పంపవలెను. కాని ఫోనును లాగుకొనుటకు మునుపు ఒక్కసారి ప్రక్కన కూర్చుండి, "నీ జట్టులో మేటి యెవరు? ఎట్లు తెలిసెను?" అని యడిగి చూడుడు. బిడ్డ ఎట్లు ఆలోచించునో ఆ బదులులో కొంత తెలియును.

ఇంట చేయదగిన అభ్యాసము

తల్లిదండ్రులు ఒక చిన్న పుస్తకమున ప్రతి బిడ్డకు నొక పుటను కేటాయించి, ఈ క్రింది అయిదు ప్రశ్నలకు ఏడాదికి మూడుమార్లు జవాబులు వ్రాయుదురుగాక. అంకెలు వేయనవసరము లేదు; మాటలే చాలును.

1. మార్కుల పట్టికలో మొత్తమును వేలితో మూసి చూచినపుడు, ఏ యొక్క వరుస మన బిడ్డను గూర్చి క్రొత్త సంగతి చెప్పుచున్నది?

2. ఎవరును చూడనపుడు మన బిడ్డ ఓపికతో చేయు పని యేది? ఓడిన మఱునాడు ఎట్లుండును?

3. మన బిడ్డను గూర్చి మనకున్న అభిప్రాయము ఎవరి మాటనుండి వచ్చినది? రెండవ మనిషి నడిగితిమా?

4. మునుపు ఆడి మానివేసిన తావు ఏదైన కలదా? దానిని మరల ఈయవచ్చునా?

5. తప్పైన లెక్కనో, పాఠమునో ఇంటి భాషలో చదివి వినిపించినచో బదులు మాఱుచున్నదా? మాఱినచో ఆ సంగతిని తరగతి యుపాధ్యాయునికి వెంటనే తెలుపుడు. ఇది మాకు మీరు చేయు గొప్ప సాయము.

ఆ బాలుడు ఇప్పుడు తరగతిలో ముందుబల్లపై కూర్చుండుచున్నాడు. కన్నడమున తనకు చిక్కుపడిన మాటలను ఒక చిట్టీ పుస్తకమున వ్రాసికొని, ప్రక్కన తెలుగు మాటను చేర్చుచున్నాడు. అందు మొదటి మాట "పట్టు". తక్కిన పిల్లలును ఆ పుస్తకమును అడిగి తీసికొని చూచుకొనుచున్నారు. వానిని మేము క్రొత్తగా ఏమియు మార్చలేదు. వాడు నిలువవలసిన చోట నిలిపితిమి, అంతే.